పాలోస్ రేవు నుంచి గరివిడి విస్తరి దాకా

మధ్యాహ్నం పన్నెండు దాటాక మన విజయనగరం జిల్లా గరివిడిలో ఏ చిన్న భోజన హోటల్లో కూర్చున్నా విస్తట్లోకి వచ్చేవి దాదాపు ఒకటే. అన్నం, టమాటా పప్పు, బంగాళదుంప వేపుడు, వంకాయ కూర, తీపి గుమ్మడి ముక్కలు వేసిన పులుసు, చారు, ఆవకాయ, అప్పడం, చివర్లో పెరుగు. ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాళ్లు, చీపురుపల్లి సంతకు వచ్చి రైలు కోసం చూస్తున్నవాళ్లు, వెటర్నరీ కాలేజీ కుర్రాళ్లు అందరూ ఇదే తింటారు. మన ఊరి భోజనం ఏదని అడిగితే చూపించాల్సింది ఇదే.

ఇప్పుడీ విస్తట్లోంచి 1492కి ముందు మన దేశంలో ఎవరూ కంటితో చూడనివి ఒక్కొక్కటే తీసి పక్కన పెడదాం. టమాటా పోతుంది. బంగాళదుంప వేపుడు మొత్తంగా పోతుంది. పులుసులో తీపి గుమ్మడి పోయి బూడిద గుమ్మడో ఆనపకాయో మిగులుతుంది. పోపులో ఎండుమిరపకాయ, కూరలో కారం, ఆవకాయలో ఎరుపు పోతాయి. వేపుడికి వాడింది వేరుశనగ నూనె అయినా పొద్దుతిరుగుడు నూనె అయినా అదీ పోతుంది. పక్క బల్ల మీదాయన కోడికూర చెప్పుంటే కోడి మన ఆసియాదే గానీ, అది తిని పెరిగిన దాణాలోని మొక్కజొన్న మాత్రం మెక్సికో నుంచి బయల్దేరింది. ఇవన్నీ తీసేశాక అన్నం, కందిపప్పు, వంకాయ, చింతపండు, ఆవాలు, పసుపు, ఇంగువ, పెరుగు మిగులుతాయి. అంటే సగం విస్తరి ఖాళీ.

గరివిడిలో స్పెయిన్ వంటల హోటల్ లేదు, పోర్చుగల్ వంటల హోటల్ లేదు. కానీ ఆ రెండు దేశాల ఓడలు అమెరికా ఖండాల నుంచి తెచ్చిన సరుకు లేకుండా ఇక్కడ ఒక్క పూట పొయ్యి వెలగదు. ఈ సంగతి మన బడి పుస్తకాల్లో వాస్కోడగామా పేరు దగ్గరే ఆగిపోతుంది. ఆ సరుకు మన వంటింట్లోకి ఎలా వచ్చింది, వచ్చినదాన్ని మనవాళ్లు ఏం చేశారు అన్నది అంతకంటే పెద్ద కథ.

1492 ఆగస్టు 3న కొలంబస్ ఓడలెక్కిన రేవు పేరు పాలోస్. అది స్పెయిన్‌కు నైరుతి మూలన, ఇప్పటి హుయెల్వా ప్రావిన్సులో ఉంది. ఆ హుయెల్వాకు మరో గుర్తింపు కూడా ఉంది. పంతొమ్మిదో శతాబ్దం నడుమ ప్రపంచానికి మాంగనీసు ఖనిజాన్ని ఎక్కువగా తవ్వి ఇచ్చిన చోట్లలో అదొకటి. కొలంబస్ ప్రయాణానికి సరిగ్గా నాలుగు వందల ఏళ్లకు, 1892లో, మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది. మొదలైంది ఎక్కడో కాదు, గరివిడికి దగ్గర్లోని కోడూరు ప్రాంతంలోనే. విజయనగరం మైనింగ్ కంపెనీ తవ్వించిన ఆ ఖనిజం విదేశాల ఉక్కు కొలిమిలకు వెళ్లింది. భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ ఇక్కడి రాతికి కోడూరు పేరు మీదే ‘కోడూరైట్’ అని పేరు పెట్టాడు. తర్వాత 1955లో ఏర్పడిన ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ గరివిడిలో కొలిమిలు పెట్టడం, శ్రీరామ్‌నగర్ కాలనీ వెలవడం, కూలీలకూ గుమాస్తాలకూ అన్నం పెట్టే హోటళ్లు రావడం ఈ ప్రాంతంలో పెద్దవాళ్లకు తెలిసిన చరిత్రే. ఆ హోటళ్లలో వడ్డించే కారం మాత్రం పాలోస్ రేవులో మొదలైన ప్రయాణం వల్ల వచ్చింది. పాలోస్, గరివిడి పేర్లు ఒక వాక్యంలో రాయడానికి ఈ కారణం నాకు చాలు.

కొలంబస్ వెతుక్కుంటూ వెళ్లింది మిరియాల కోసం. దొరికింది మిరపకాయ. రెండో ప్రయాణంలో వెంట వెళ్లిన వైద్యుడు డియేగో ఆల్వారెజ్ చాంకా అక్కడివాళ్లు దాన్ని చేపల్లోనూ మాంసంలోనూ కలుపుకోవడం చూసి రాశాడు. 1494లో స్పెయిన్, పోర్చుగల్ దేశాలు తోర్దెసీయాస్ ఊళ్లో కూర్చుని సముద్రాన్ని గీత గీసి పంచుకున్నాయి. పడమటి వైపు స్పెయిన్‌ది, తూర్పు వైపు పోర్చుగల్‌ది. 1500లో పోర్చుగీసు నావికుడు కబ్రాల్ పదమూడు ఓడలతో బయల్దేరి ముందు బ్రెజిల్ తీరాన్ని తాకి, అక్కడి నుంచి ఆఫ్రికా చుట్టి అదే ఏడాది కళ్లికోట చేరాడు. బ్రెజిల్ నేలకూ ఇండియా నేలకూ ఒకే ప్రయాణంలో ముడిపడటం అదే మొదలు. 1510లో గోవా పోర్చుగీసుల చేతికి వచ్చింది. ఆ తర్వాత విత్తనాలు, మొక్కలు, దుంపలు ఓడల్లో వస్తూనే ఉన్నాయి. 1580 నుంచి 1640 దాకా రెండు దేశాలకూ ఒకే రాజు కావడంతో మెక్సికో, బ్రెజిల్, గోవా, మనీలా ఒకే గొడుగు కిందికి వచ్చాయి.

అదే కాలంలో మన వైపు ఎవరున్నారు? కృష్ణదేవరాయలు. గజపతుల మీద దండెత్తి వచ్చి 1516లో సింహాచలం అప్పన్నకు కానుకలు ఇచ్చినట్టు ఆయన శాసనాలు ఆ గుడిలోనే ఉన్నాయి. ఆయన సైన్యానికి గుర్రాలు దిగింది గోవా రేవులో, అమ్మింది పోర్చుగీసులు. 1520 ప్రాంతంలో విజయనగర రాజధానిని చూసిన దొమింగో పేయిస్ అనే పోర్చుగీసువాడు అక్కడి అంగళ్లలో ధాన్యాలు, పప్పులు, నిమ్మ, నారింజ, ద్రాక్ష, దానిమ్మ, వంకాయలు చూసి రాశాడు. మిరపకాయ ఊసు లేదు. సింహాచలం దాకా వచ్చిన ఆ సైన్యం తిన్న కూరల్లో కారం మిరియాలది, ఆవపిండిది, అల్లానిది. అంతకు ముందు తరాల శ్రీనాథుడు కొండవీటి రెడ్ల కొలువులో ఎంత వైభోగంగా భోంచేసినా ఆయన ఎరిగిన కారం కూడా అదే.

పోర్చుగీసులు మన కళింగ తీరాన్ని ఏనాడూ ఏలలేదు. వాళ్ల కాపురాలు దక్షిణాన మైలాపూరు శాంథోమ్‌లో, పులికాట్‌లో. ఉత్తరాన బెంగాల్‌లోని హుగ్లీలో. మచిలీపట్నంలో వ్యాపారం చేశారు. ఈ రెండు కొసల మధ్య తిరిగే పడవలన్నీ మన భీమునిపట్నం, కళింగపట్నం తీరం పక్క నుంచే వెళ్లాలి. భీమిలిలో కోట కట్టుకున్నది తర్వాత వచ్చిన డచ్చివాళ్లు. కాబట్టి మిరప విత్తనాన్ని మన చేలోకి తెచ్చినవాడు టోపీ పెట్టుకున్న దొర అనుకోవాల్సిన పని లేదు. మైలాపూరులో పోర్చుగీసు సిపాయిని పెళ్లాడిన అరవ పిల్ల పెరట్లో, అక్కడి నుంచి పడవ సరంగు మూటలో, ఆ తర్వాత సంతలో గింజలమ్మే కోమటి గోనెలో అది ఊరూరూ తిరిగి ఉంటుంది. పేర్లు రాసి పెట్టుకోని మనుషులు వీళ్లు. నా దృష్టిలో ఈ కథకు అసలు నాయకులు వాళ్లే.

మిరపకాయ ఎందుకు గెలిచిందో చూస్తే ఆ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. మిరియం తీగ పడమటి కనుమల వానలకూ నీడకూ పెరిగేది. మన కళింగ సీమలో పేదవాడికి అది కొనుక్కోవాల్సిన సరుకు. మిరప మొక్క అలా కాదు. పెరట్లో చిక్కుడు పాదు పక్కన నాలుగు మొక్కలు నాటుకుంటే కొన్ని నెలల్లో కాపు. పచ్చిగా కొరుక్కోవచ్చు, పండబెట్టి ఎండబెట్టుకుంటే ఏడాదంతా ఉంటుంది, మరుసటి ఏటికి విత్తనం కూడా దాన్లోనే ఉంటుంది. చోడి అంబలి తాగి చేలోకి వెళ్లే కూలికి ఒక పచ్చిమిరపకాయ, ఒక ఉల్లిపాయ ఉంటే ఆ పూట గడిచింది. అంతకు ముందు రాజులూ వర్తకులూ మాత్రమే ధారాళంగా వాడుకున్న కారం మొట్టమొదటిసారి కూలివాడి ముంతలోకి వచ్చింది. తెలుగువాళ్లకు కారం మీద ఇంత మమకారం ఎందుకని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే.

జీడిమామిడి కథ వేరు. అది బ్రెజిల్ ఈశాన్య తీరపు చెట్టు. ఇండియాలో ఆ చెట్టును చూసి వర్ణించిన తొలి రాతల్లో ఒకటి క్రిస్టోవావ్ ద కోస్తా అనే వైద్యుడిది. పోర్చుగీసు సీమలకు చెందిన ఆయన కొచ్చిలో ఆ చెట్టును చూశాడు. పుస్తకం రాసింది స్పానిష్ భాషలో, అచ్చేసింది 1578లో స్పెయిన్‌లోని బుర్గోస్ పట్నంలో. కొచ్చి తోటలో వింతగా నిలబడిన ఆ చెట్టుకు ఇప్పుడు తూర్పు తీరాన ఉద్దానమనే ఒక సీమే ఉంది. అక్కడ కొబ్బరి, పనస, జీడి కలిసి పెరుగుతాయి. వేరే పంట నిలవని ఇసుక నేలను ఆ చెట్టు పట్టుకుని కాచింది. పలాస–కాశీబుగ్గల్లో వందలాది జీడి పరిశ్రమలు నడుస్తున్నాయి. పిక్కల్ని ఎండబెట్టి, వేయించో ఆవిరి పట్టో, ఒక్కొక్కటిగా పగలగొట్టి, పలుకు తీసి, మళ్లీ ఆరబెట్టి, పొట్టు ఒలిచి, గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు చేస్తారు. పౌనుకు సుమారు 180 పలుకులు తూగితే ఒక ధర, 320 తూగితే ఒక ధర. పిక్క పెంకులో ఉండే జీడి రసం తగిలితే చర్మం కాలి నల్లబడుతుంది. బూడిదో ఆముదమో చేతులకు రాసుకుని ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. గరివిడి పెళ్లి భోజనంలో పరవాన్నం మీద తేలే ప్రతి జీడిపప్పు వెనకా ఆ వేళ్లున్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కూలిన జీడిచెట్లనూ కొబ్బరిచెట్లనూ చూసి రైతులు ఇంటి మనిషి పోయినట్టు ఏడ్చారు. నాలుగు వందల ఏళ్ల కింద పరాయిదైన చెట్టు కోసం ఏడ్చిన ఏడుపు అది. ఇంక దాన్ని పరాయిది అనే హక్కు ఎవరికీ లేదు.

గోవాలో జీడిమామిడి పండు రసం పులియబెట్టి ఫెనీ తీస్తారు. దానికి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన తోటల్లో పిక్క గిల్లుకుని పండును చాలావరకు చెట్టు కిందే వదిలేస్తున్నాం. సారా కాయమని నేననను గానీ, అంత రసం ఉన్న పండుతో పానకాలు, జాములు, పచ్చళ్లు చేసే పని పెద్ద ఎత్తున మన దగ్గర నిలదొక్కుకోకపోవడం బాధగా ఉంది. పోర్చుగీసులు తమ ఇతర వలసలైన మొజాంబిక్, గినీ–బిస్సావుల్లో కూడా ఇదే చెట్టు నాటారు. ఇప్పుడు మన దేశపు జీడి పరిశ్రమలకు చాలని పిక్కలు ఆఫ్రికా నుంచి ఓడల్లో వస్తున్నాయి.

మిగతావి త్వరగా చెప్పుకుందాం. బొప్పాయి స్పెయిన్ దారిన వచ్చింది. వాళ్లు ఫిలిప్పీన్స్‌కు చేర్చారు, అక్కడి నుంచి మలక్కా మీదుగా ఇండియాకు వచ్చిందని పదహారో శతాబ్దం చివర్లో డచ్చి యాత్రికుడు లిన్‌షోటెన్ రాశాడు. అనాసపండు ఫిరంగీల రేవుల నుంచి వచ్చిందనీ, ఆగ్రాలోని తన తోటలో ఏటా వేల సంఖ్యలో కాస్తోందనీ జహంగీరు పాదుషా తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ పాదుషా గొప్పగా చెప్పుకున్న పండును ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సీతంపేట కొండల మీద సవరలు పండించి సంతకు దించుతున్నారు. జామ, సీతాఫలం, చిలగడదుంప కూడా ఆ ఓడల తరం నుంచి వచ్చినవే. బంగాళదుంప, టమాటా వాటికంటే ఆలస్యంగా, ఇంగ్లీషువాళ్ల కాలంలో గానీ మన వంటల్లో కుదురుకోలేదు. టమాటాను మా ఉత్తరాంధ్రలో పెద్దవాళ్లు రామములక్కాయ అనేవారు.

ఓడలు మంచివే తేలేదు. పొగాకు కూడా అమెరికాదే, తెచ్చింది ఆ చేతులే. అక్బరు కొలువుకు అది బిజాపూరు నుంచి చేరింది, జహంగీరు 1617లో నిషేధించాడు, నిషేధం నిలవలేదు. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అడ్డపొగ అలవాటైంది. చుట్ట వెలిగించి నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం. ఎక్కువగా ఆడవాళ్లు కాల్చేవారు. పిండ్‌బోర్గ్ అనే డెన్మార్క్ దంతవైద్యుడూ మన దేశపు పరిశోధకులూ కలిసి అప్పటి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లె జనాన్ని పరీక్షించి 1971లో ప్రకటించిన అధ్యయనం అంగిలి మీద వచ్చే మచ్చలకూ ఈ అలవాటుకూ ఉన్న సంబంధాన్ని ప్రపంచం ముందు పెట్టింది. అప్పటికి విజయనగరం జిల్లా ఇంకా ఏర్పడలేదు, చీపురుపల్లి తాలూకా శ్రీకాకుళంలోనే ఉండేది. ఎందరో అమ్మమ్మల్ని ఆ పొగ తీసుకెళ్లింది.

ఇచ్చినవాళ్లు వాళ్లు, పుచ్చుకున్నవాళ్లం మనం అనుకుంటే లెక్క తప్పుతుంది. లిస్బన్‌లో సందు చివర ఉండే చిన్న భోజనశాలలో ఒంట్లో బాగాలేని మనిషికి కోడి ఉడికించిన నీళ్లలో అన్నం వేసి ‘కాన్జ’ అని ఇస్తారు. అది మన దక్షిణాది గంజి. గోవాలో వైద్యం చేసిన గార్సియా ద ఓర్తా 1563లో అక్కడే అచ్చేయించిన పుస్తకంలో ఈ గంజిని ప్రస్తావించాడు. పోర్చుగీసువాళ్లు పండగలకు చేసుకునే పాల అన్నం మీద చల్లే దాల్చినచెక్క సింహళానిది. స్పెయిన్‌లో పేరుపడ్డ పయేయాలోని బియ్యాన్ని అక్కడికి చేర్చింది అరబ్బులు, అది మొదట పండింది ఆసియాలో. వాళ్లు రోజూ తినే గుడ్డు–బంగాళదుంప అట్టులోని దుంప పెరూ కొండలది. ఆ దేశాల సందు హోటళ్లలో కూర్చున్నా గరివిడి హోటల్లో కూర్చున్నా విస్తట్లో సగం పక్క ఖండానిదే.

మరి 1492కి ముందరి తెలుగు భోజనం ఇప్పుడు ఎక్కడుంది? తాళపత్రాల్లో వెతకనక్కర్లేదు. చాలా బ్రాహ్మణ ఇళ్లలో తద్దినం నాడు ఇప్పటికీ వండుతున్నారు. ఆ రోజు వంటలో మిరపకాయ ఉండదు, కారానికి మిరియాలు. టమాటా ఉండదు, బంగాళదుంప ఉండదు, క్యాబేజీ ఉండదు. అరటి, కంద, చేమ, కాకర, పెసరపప్పు, నువ్వులు, అల్లం, బెల్లం, నెయ్యి ఉంటాయి. పితృదేవతలకు వాళ్లెరిగిన భోజనమే పెట్టాలన్న పట్టుదల వల్ల అయిదు వందల ఏళ్ల కిందటి వంటిల్లు ఏడాదికొకసారి మళ్లీ తెరుచుకుంటోంది. పూరీ జగన్నాథుడి మహాప్రసాదంలోనూ మిరప, బంగాళదుంప, టమాటా ఇప్పటికీ నిషిద్ధం. మన వైపు నుంచి పూరీ వెళ్లి ఆ అన్నం తిన్నవాళ్లు గరివిడి హోటల్ భోజనానికీ దానికీ రుచిలో ఉన్న తేడాను గుర్తు తెచ్చుకోండి. ఆ తేడాయే ఈ వ్యాసమంతా.

అయితే పాత వంట బ్రాహ్మణ ఇళ్లలోనే మిగిలిందనుకోవడం కూడా సరికాదు. చోడి అంబలి, గంటె అన్నం, సామల అన్నం, ఉలవచారు తిని బతికిన కాపు, వెలమ, మాల, మాదిగ, సవర ఇళ్ల పెద్దవాళ్ల దగ్గర ఉన్న జ్ఞాపకం ఇంకా పాతది, ఇంకా పెద్దది. ఆవపెట్టిన పనసపొట్టు కూరలో ముక్కుకు ఎక్కే ఘాటు మిరపకాయ రాకముందు నుంచీ ఉన్నదే. తద్దినం వంటకు కనీసం ఒక తిథి, ఒక నియమం కాపలా ఉన్నాయి. అంబలి ముంతకు ఏ కాపలా లేదు. దాన్ని పేదరికానికి గుర్తుగా చూసి మరిచిపోవడానికే మనం తొందరపడ్డాం.

మన జిల్లాల చరిత్ర రాసినవాళ్లు కోటల గురించి, యుద్ధాల గురించి రాశారు. 1757 బొబ్బిలి యుద్ధం గురించి తెలియని పిల్లవాడు లేడు. ఆ యుద్ధం నాటి సిపాయి ఏం తిన్నాడో ఎవరూ అడగలేదు. గురజాడ ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడిన ఏడు, కోడూరులో మాంగనీసు తవ్విన ఏడు 1892 అని మనకు లెక్క ఉంది. మన చేలో మొదటి మిరప మొక్క, మొదటి జీడిచెట్టు ఏ ఊళ్లో పడ్డాయో లెక్క లేదు. ఆ లెక్క ఇక దొరకకపోవచ్చు. కానీ అవి రాకముందు ఏం వండేవారన్నది తెలిసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు.

కాబట్టి ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ఇంట్లో డెబ్భై ఎనభై ఏళ్ల పెద్దవాళ్లు ఎవరున్నా పక్కన కూర్చుని మిరపకాయ లేకుండా వాళ్లకు తెలిసిన వంటలు ఏమిటో, తద్దినానికి ఏవి వండరో, అంబలి ఏ కుండలో ఎన్నాళ్లు పులియబెట్టేవారో అడిగి, మీ ఊరి పేరు, తేదీ వేసి నోటు పుస్తకంలో రాయండి. ఒక కాపీ మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి.